విడి గిన్నె

అందరూ కలిసి తినే పెద్ద అన్నం పళ్లెం చుట్టూ చేరుతుంటే, కాంకూ మాత్రం వంటింటి మూలకు నడిచింది. అక్కడ ఆమె సవతి సితాన్ వానలు మొదలైనప్పటి నుంచి విడి గిన్నెలో తింటోంది. సితాన్ మోకాలి మీద తెల్లమచ్చ చూసి, కుష్టని వెలివేసింది కాంకూయే.

“దారి తప్పావా అక్కా? ఇది రోగిష్ఠి గిన్నె.”

కాంకూ కట్టుకున్న గుడ్డ పైకి లాగింది. తన మోకాలి మీదా అదే మచ్చ.

“మోకాళ్ల అరుగుదలకి మనిద్దరికీ వేసిన ఇంజెక్షన్ వల్లేనట. ఎక్కడో ఒకరికి చర్మం రంగు పోతుందట. అంటుకోదని బమాకో పట్నం డాక్టరు చెప్పాడు.”

“నేనూ అదేగా మొత్తుకున్నాను!”



పళ్లెం దగ్గరున్న కోడళ్లు ఇటు తిరిగారు. సితాన్ చటుక్కున కాంకూ మోకాలి మీద గుడ్డ కప్పేసింది.

“కప్పుకో అక్కా. చూశారంటే నీకూ విడి గిన్నె పెడతారు.”

కాంకూ గుడ్డ మళ్లీ పైకి లాగింది. తలెత్తకుండానే కోడళ్లను పిలిచింది.