కోటేళ్ళ దవడ

“ఒక్కసారి చేతికియ్యమ్మా. చూసి ఇచ్చేస్తాను,” అన్నాడు పద్మనాభయ్య మూడోసారి.

నాగులమ్మ ఇవ్వలేదు. కొంగులో చుట్టిన ఎముకను గుండెకు అదుముకుని ఇసుకలో కూలబడి ఏడుస్తోంది. జువ్వలదిన్నె పల్లె పల్లెంతా ఆమె చుట్టూ మూగింది.

పద్మనాభయ్య నెల్లూరు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. ఆదివారం వచ్చిందంటే చాలు, బస్సెక్కి ఈ ఒడ్డుకు వచ్చేస్తాడు. వలల్లో పడే వింత చేపలూ గవ్వలూ ఎముకలూ ఏరుకుపోవడం ఆయనకు పిచ్చి. పంతొమ్మిదేళ్ళ పిచ్చి! కాలేజీలో వెనకాల నవ్వేవాళ్ళు, ఇంట్లో మాత్రం ఎదురుగానే తిట్టేవాళ్ళు.

ఆ పొద్దున లోతు నీళ్ళలో వేసిన వలలో బురదగడ్డతో పాటు ఓ దవడ వచ్చింది. అందరికంటే ముందు నాగులమ్మే చూసి, “నా మొగుడొచ్చినాడు!” అని కేక పెట్టింది. అప్పటినుంచీ వదల్లేదు.

“ఇయ్యి నాగులమ్మా, అయ్యవారు మనోడే,” అన్నాడు కులపెద్ద ముత్యాలయ్య.

దవడ చేతిలో పడగానే పద్మనాభయ్య దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. నల్లగా ఉంది, రాయంత బరువుంది. పదహారు పళ్ళూ చెక్కుచెదరలేదు. మనిషి దవడైతే లాడంలా వంపు తిరగాలి. ఇదేమో రైలుపట్టాల్లా రెండు వరసలూ తిన్నగా పోయాయి. కోరలు బొటనవేలంత ఉన్నాయి. కోటేళ్ళ కిందట బతికి, జాతి జాతంతా మట్టిలో కలిసిపోయిన తోకలేని కోతి! ఇలాంటిదే ఒక ముక్కను కలకత్తాలో అద్దాల పెట్టెలో చూశాడాయన. దానికి మూడే పళ్ళు. ఆ మూడు పళ్ళ మీదే మహామహులు పుస్తకాలు రాసుకున్నారు.

“ముత్యాలయ్యా, ఇది నాకు కావాలి. పోనీ ఒక్క వారం ఉంచుకుని తెచ్చిస్తాను.”

“తప్పు, అట్టా అనబాకండి. మాలకొండయ్యను అడుగుతుండారు మీరు.”

నాగులమ్మ మొగుడు మాలకొండయ్య మూడేళ్ళ కిందట తుఫాన్లో పోయాడు. పడవ తిరిగొచ్చింది, మనిషి రాలేదు. ఆ పల్లెలో ఓ కట్టు ఉంది. సముద్రం మింగినవాడి ఎముకను సముద్రమే తిరిగివ్వాలి. దాన్ని పదిమంది ముందు పాలతో కడిగి, ఆ పూటే నడిసముద్రంలో కలపాలి. అందాకా ఆ ఇంటికి మైల. ఆ ఇంటి మగవాణ్ణి ఎవరూ పడవ ఎక్కనివ్వకూడదు. నాగులమ్మ కొడుకులిద్దరూ తాటిచెట్లలా ఎదిగి కూడా మూడేళ్ళుగా ఒడ్డున పీతలు తవ్వుకుని బతుకుతున్నారు.

“మా వైపు శవం దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ చేస్తారయ్యా,” అన్నాడు పద్మనాభయ్య ఆశగా.

“మీ ఇళ్ళల్లో చెల్లుద్ది. మా తాతలు పెట్టిన కట్టు ఇది. తెంచేదానికి నేనెవుణ్ణి?”

“పోనీ, రేపటిదాకా ఆగు. కాలేజీకి పోయి కెమెరా తెస్తాను.”

“దొరికిన పూటే కలపాల. పొద్దు తిరిగిపోతుండాది అయ్యవారూ.”

నాగులమ్మ లేచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. “అయ్యవారూ, మీరు సదువుకున్నోరు. పదిమందిలో ఒక్క మాట చెప్పండి. ఇది మనిషి ఎముకే గదా?”

అంతవరకూ గోలగోలగా ఉన్న పల్లె ఒక్కసారిగా నోరు మూసుకుంది. చంటిదాన్ని ఎత్తుకున్న ఒకామె ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదంటే దవడ తనది, ఆ క్షణం నుంచి తన పేరు ప్రపంచానిది. కానీ కాదంటే ఆ ఇద్దరు కొడుకులూ మళ్ళీ పీతల బొరియల దగ్గరికే పోవాలి. ఇంకో ఎముక ఎన్నేళ్ళకు వస్తుందో, అసలు వస్తుందో రాదో! పద్మనాభయ్య దవడను నాగులమ్మ చేతుల్లో పెట్టాడు.

“మనిషిదేనమ్మా,” అన్నాడు.

ముత్యాలయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎవరో పాలు తెచ్చారు. పసుపు రాశారు. మూడేళ్ళ తర్వాత పెద్దకొడుకు పడవెక్కి తెడ్డు పట్టాడు. పక్కవాళ్ళు వాడి భుజం తట్టారు. అలలు దాటి, పడవ చిన్నదై, ఆగింది. వాడు వంగడం ఒడ్డుకు కనబడింది, అంతే.

పద్మనాభయ్య ఇసుకలో కూర్చుండిపోయాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. పంతొమ్మిదేళ్ళు వెతికిన వస్తువు కళ్ళముందే మునిగిపోయింది, వేలు కదపలేకపోయాడు. నలుగురూ ఇళ్ళకు పోయాక ముత్యాలయ్య వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

“ఏంది అయ్యవారూ, మీరు ఏడస్తుండారే?”

“అది మనిషిది కాదు ముత్యాలయ్యా. కోటేళ్ళ కిందటి కోతిది. అంత నిండు దవడ ప్రపంచంలో ఎవరూ చూసి ఉండరు. నా జన్మకు దొరికింది అదొక్కటే.”

ముత్యాలయ్య మొహం పాలిపోయింది. “అయ్యయ్యో! అంత గొప్పదైతే నా చెవిలో ఒక్క మాట ఊదకపోతిరే!”

“ఎట్లా చెప్పను? అది మాలకొండయ్యేనని పల్లెంతా నమ్మి ఏడుస్తుంటే నాకు నోరెట్లా వస్తుంది?”

ముత్యాలయ్య తలవంచుకున్నాడు.

“మాలకొండయ్యకు ఒక్క పన్నూ లేదని పల్లెలో అందరికీ తెలుసు, అయ్యవారూ.”