అద్దం చూపని విమానం

బర్మా యుద్ధానికి విమానంలో పోయిన కొడుకు కాళప్ప ఏడేళ్లయినా తిరిగి రాలేదు. ఆదోనిలో అమ్మవారి బొమ్మలు చెక్కే మౌనప్ప, కొడుకు పంపిన ఫోటో చూసి ఆ విమానాన్నే కొయ్యతో చేసి, పచ్చరంగు పూశాడు. లోపల బొటనవేలంత కొడుకును కూర్చోబెట్టాడు.

చీకటిపడ్డాక, అన్నిటికన్నా చివర కళ్లు దిద్దాడు. బొమ్మ తొలిచూపు మనిషి మీద పడితే కీడని, అద్దంలోనే పడాలని ఆచారం. భార్య సుంకులమ్మ అద్దం తెచ్చింది.

మౌనప్ప వద్దన్నాడు. "వీడు దేవర కాదు, మన పిల్లోడు. ముందు నన్నే సూడనీ."

గాలి లేదు. విమానం ముక్కుకున్న కొయ్య పంకా గిర్రున తిరిగింది. లోపలినుంచి కాళప్ప గొంతు వినిపించింది.

"నాయనా, అంతా సీకటి. యాడ దిగల్ల?"

మౌనప్ప లాంతరు ఎత్తాడు. "ఈడ్నే, కాళప్పా! లాంతరు సూడు!"

బొమ్మ కళ్లు ఆయన ముఖం మీదే ఉన్నాయి.

"ఏ లాంతరు, నాయనా?"