మార్చుకున్న సీటు

స్టేడియంలో లిఫ్టు పనిచెయ్యడం లేదని గేటు దగ్గరే చెప్పేశారు.

ఆవిడ టికెట్టు చూస్తే అన్నిటికన్నా పై అంతస్తుది. కాలు చూస్తే మోకాలి దాకా పిండికట్టు.

ఆవిడ బడి బస్సు నడుపుతుంది. పిల్లలంతా స్టీరింగత్త అంటారు. ఈమధ్యే బస్సు కడుగుతూ ఫుట్‌బోర్డు మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆ కాలేసుకుని గిటారు కచేరీ ఏమిటని కూతురు పొద్దుటి నుంచీ పోరుతూనే ఉంది. ఎలాగూ టీవీలో వేస్తారు, ఇంట్లో కూర్చుని చూడమంది.

"టీవీలో అన్నం చూస్తే కడుపు నిండుతుందా?" అని చంకకర్ర అందుకుంది స్టీరింగత్త.

చేసేది లేక కూతురు గేటు దాకా దిగబెట్టి, అయిపోగానే వస్తానని బెంగగా వెనక్కి వెళ్లింది.

మెట్లు కొండలా ఉన్నాయి. నిలబడి ఎక్కడం అయ్యే పని కాదని తేలిపోయింది. అందుకని వెనక్కి తిరిగి మెట్టు మీద కూర్చుంది. రెండు చేతులూ ఆనించి, ఒళ్లు పైకి లాక్కుంటూ ఒక్కో మెట్టే ఎక్కడం మొదలుపెట్టింది.

జనం పక్క నుంచి పరుగులు పెడుతున్నారు. ఒకరిద్దరు జాలిగా చూసి పోయారు.

ఒకాయన మాత్రం ఆగాడు. నెరిసిన గడ్డం, నలిగిన చొక్కా. లోపలికి వెళ్లాలా వద్దా అన్నట్టు ఇందాకటి నుంచీ అక్కడే తచ్చాడుతున్న మనిషి.

"ఇంత కష్టపడి పోవాలా అమ్మా?"

"పోవాలి."

"అంత బాగా వాయిస్తాడా?"

ఆవిడకి ఒళ్లు మండింది. "ఆ మాత్రం తెలియకపోతే మీరెందుకొచ్చారండీ?"

ఆయన నవ్వాడు.

ఊపిరి తీసుకోవడానికి ఎలాగూ ఆగాలి కాబట్టి ఆవిడే చెప్పుకొచ్చింది. ఆ బస్సు ఒకప్పుడు ఆవిడ భర్త నడిపేవాడు. ఆయన పోయాక స్టీరింగు తన చేతికొచ్చింది. వెనక అంతమంది పిల్లలు కూర్చుని ఉంటే మొదట్లో చేతులు వణికిపోయేవి. ఆ రోజుల్లోనే ఈ గిటారిస్టు వాన పాట విన్నది. మాటల్లేవు, ఉత్త గిటారు. అది వింటుంటే ఎవరో పక్క సీట్లో కూర్చుని, పర్లేదు, పోనియ్ అన్నట్టు ఉండేది. ఇప్పటికీ అది వినందే బండి తియ్యదు.

"ఆ పాట వాయిస్తుంటే ఆయన వేళ్లు చూడాలి. ఒక్కసారి. అందుకు పాకమన్నా పాకుతాను," అంది.

ఆయన జేబులోంచి తన టికెట్టు తీశాడు.

"ఇది కిందే. మొదటి వరస. మీది నాకివ్వండి."

ఆవిడ ఎగాదిగా చూసింది. మొదటి వరస వదులుకునే వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా? దొంగ టికెట్టేమో. తీరా కూర్చున్నాక మెడపట్టి గెంటితే దిక్కెవరు? ఆ మాటే మొహం మీద అడిగేసింది.

ఆయన నొచ్చుకోలేదు. చెయ్యి ఆసరా ఇచ్చి ఆవిణ్ణి కిందికి దింపి, మొదటి వరస ద్వారం దాకా తీసుకెళ్లాడు. కాపలా మనిషి టికెట్టు చూసి పక్కకి తప్పుకున్నాడు. ఒక మంచి మాట అందామని వెనక్కి తిరిగేసరికి ఆయన అప్పుడే పైకి మెట్లెక్కిపోతున్నాడు.

పిచ్చి మారాజు, అనుకుంది.

గిటారిస్టు వేదిక మీదికి వస్తూనే సరిగ్గా ఆవిడ సీటు వైపు చూశాడు. వేదిక దీపాలు కళ్లలో పడుతున్నాయేమో, చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చూశాడు. ఆ తర్వాత పాటపాటకీ అటే చూపు. స్టీరింగత్త సిగ్గుపడి జుట్టు సర్దుకుంది.

వాన పాట చివర్లో వచ్చింది. ఆవిడ రెప్ప వెయ్యలేదు. ఒళ్లో పెట్టుకున్న చేతులు స్టీరింగు పట్టుకున్నట్టు బిగుసుకుని, మెల్లగా వదులయ్యాయి.

జనం లేస్తుండగా గిటారిస్టు వేదిక దిగి నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చాడు. నుదుటి చెమట కూడా తుడుచుకోలేదు.

"ఈ సీటు మీకెవరిచ్చారండీ?"

చెప్పింది. నెరిసిన గడ్డం అనగానే ఆయన మొహం మారిపోయింది.

"వచ్చాడా? ఎక్కడున్నాడు?"

"పైన, నా సీట్లో. పదండి."

ఆ కాలుతో వద్దు, నేనే వెళతానన్నాడు. ఆవిడ వినలేదు. ఆయన్ని దొంగని చేసి మాట్లాడాను, ఎదుటపడి ఒక మాట చెప్పుకోవాలంది. ఒక పక్క చంకకర్ర, ఒక పక్క గిటారిస్టు భుజం. దిగుతున్న జనానికి ఎదురు ఎక్కారిద్దరూ. సగం దూరం పోయేసరికి పళ్లు బిగపట్టాల్సి వచ్చింది. అయినా ఆగలేదు.

సీటు ఖాళీగా ఉంది.

పక్క సీటు అమ్మాయి ఇంకా అక్కడే ఉంది. ఆయన చివరి పాట దాకా ఉన్నారని చెప్పింది. ఆ పాట వస్తున్నంతసేపూ వేదిక వైపు చూడనే లేదట. మొదటి వరస వైపే చూస్తూ కూర్చుని, అవ్వగానే కళ్లు తుడుచుకుని వెళ్లిపోయారట.

గిటారిస్టు ఆ సీట్లోనే కూలబడ్డాడు. ఎక్కడ కచేరీ పెట్టినా మొదటి వరసలో అతనికో సీటు అట్టిపెడతానని, టికెట్టు పంపిస్తానని, ఇన్నేళ్లలో రావడం ఇదే మొదటిసారని మెల్లగా చెప్పాడు.

"ఎవరండీ ఆయన?"

"మేమిద్దరం కలిసే వాయించేవాళ్లం. చేతి నరాలు దెబ్బతిని వాడు గిటారు వదిలేశాడు. తన పేరు కూడా ఎక్కడా వెయ్యనివ్వలేదు."

ఖాళీ అవుతున్న మెట్ల వైపు చూస్తూ అన్నాడు.

"ఆ వాన పాట నాది కాదమ్మా, వాడిది."