పాట పూర్తయ్యేదాకా

ఎవరో తలుపు తట్టారు.

ఉమామహేశ్వరి తీసింది. ఎదురుగా ఎవరో ముసలాయన. గొర్రెల కాపరిలా ఉన్ని దుప్పటి కప్పుకున్నాడు. మాస్కు పైన నీలికళ్లు.

"ఎవరు కావాలి?"

ఆయన పాట ఎత్తుకున్నాడు.

జోలపాటలా ఉంది. ఆమె తలుపు వేసేసింది.

అసలే కరోనా రోజులు. ఆర్నెల్ల కిందట భర్త రామచంద్రరావు ఇక్కడే, అబుదాబి ఆస్పత్రిలో పోయాడు. భార్యనైనా లోపలికి రానివ్వలేదు. ప్రాణం పోయేటప్పుడు పక్కన ఒక్క మనిషైనా ఉన్నారా? అన్నం ముద్ద ఎత్తినప్పుడల్లా ఆ ప్రశ్నే గుర్తొచ్చి పళ్లెం పక్కకు నెట్టేస్తోంది.

వాచ్‌మన్ పర్శరాములుకు ఫోన్ చేసింది.

"ఎవరయ్యా ఆయన? పైకెందుకు పంపావు?"

"ఆస్ట్రియా దేశపాయన, మేడమ్. బడిల సంగీతం చెప్పెటోడట. క్రిస్మస్ ముంగట బేస్తారం బేస్తారం తలుపులు తట్టి పాడుతరట. ఐదారువందల ఏండ్ల సంది ఉన్నదట ఆళ్లకు."

"అందరిళ్లకీ వెళ్లాడా?"

"లే. మీ ఒక్క ఇంటికే. ఫ్లాటు నంబరు నేను చెప్పలే, ఆయనకే ఎరుక."

"ఏం కావాలట?"

"మీకొక ముచ్చట చెప్పాలట. పాట ఒడిసేదాంక మాట్లాడొద్దట."

"చందా అయ్యుంటుంది. ఈ ఏడు మాకు పండగల్లేవని చెప్పు."

తర్వాతి గురువారం మళ్లీ వచ్చాడు.

"ఇది చావు జరిగిన ఇల్లు. పాటలొద్దు," అంది ఇంగ్లీషులో.

తెలుసన్నట్టు తలూపాడు. పాట మాత్రం ఆపలేదు.

ఆమె తలుపు వేసింది. అవతల పాట కొంచెం దూరం నడిచి, దగ్గులో పడిపోయింది.

మూడో గురువారం తిట్టడానికి మాటలు కూడబెట్టుకుని కూర్చుంది. అది కూడా ఎదురుచూపేనని తోచి సిగ్గేసింది.

తలుపు చప్పుడు.

అదే ఉన్ని దుప్పటి. లోపల మాత్రం ఒక ముసలామె.

"ఆయన రాలేదా?"

ముసలామె పాట అందుకుంది. ఉమామహేశ్వరి చెయ్యి గడియ మీదికి వెళ్లి, అక్కడే ఆగింది.

మొదటిసారి ఆ పాట చివరిదాకా వచ్చింది.

"ఆదివారం పోయాడు మా ఆయన," అంది ముసలామె. "పాట పూర్తికాకుండా మాట చెప్పకూడదని మొండికేశాడు. మా ఊరి ఆచారం."

"ఏమిటా మాట?"

"ఆస్పత్రిలో మీవారి పక్కమంచం ఆయనదే; ఊపిరి ఆగేదాకా మీవారి చెయ్యి పట్టుకుని ఈ పాటే పాడాడు."