మా ఆయన రక్తం

"మా ఆయన రక్తమేనండీ ఆనాడు నన్ను బతికించింది" అని భానుమతి అనగానే డాక్టరు శేషగిరి రాయడం ఆపి తలెత్తాడు.

ఆసుపత్రి మంచం పక్కన వీరరాఘవులు తల దించుకున్నాడు. పొగిడితే ముడుచుకుపోయే మనిషని దేశ రాజధానిలోని రామకృష్ణాపురం సర్కారీ క్వార్టర్లలో తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఎనభై ఐదులో బాబు పుట్టినప్పుడు భానుమతికి రక్తస్రావం ఆగలేదు. ఎక్కించింది ఒక్క సీసా రక్తమే. పెళ్ళానికి రక్తమిచ్చిన మొగుడని కాలనీ అంతా అతన్ని మెచ్చుకుంది. పక్కింటి హైమవతి ఇప్పటికీ ఆ మాటతోనే తన మొగుణ్ణి దెప్పుతూ ఉంటుంది.

నాలుగేళ్ళు తిరక్కుండానే భానుమతి ఎముకల గూడైంది. నోటి నిండా తెల్లపూత. విరేచనాలు, దగ్గు, జ్వరం. ఒకటి తగ్గేలోపే ఇంకొకటి.

"ఇది కొత్త వైరస్" అన్నాడు డాక్టరు. "ఒంటికి కాపలా కాసే కణాలనే ముందు చంపేస్తుంది. ఆ తర్వాత ఏ జబ్బొచ్చినా ఆపే శక్తి ఉండదు. దీనికి మందు లేదమ్మా. ఇది ఎక్కించిన రక్తం వల్ల రావాలి, లేదా ఆడామగా సంబంధం వల్ల రావాలి. ఎలా చూసినా వీరరాఘవులుగారికి పరీక్ష చెయ్యాల్సిందే."

భానుమతి భోరుమంది. తన గురించి కాదు.

"దేవుడా, ఆయనకేం కాకూడదు!"

వారం తర్వాత డాక్టరు చెప్పాడు, వీరరాఘవులు రక్తంలో ఏమీ లేదని. భానుమతి పడుకునే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

బాబును ఒళ్ళో కూర్చోబెట్టుకున్న అత్తగారు మాణిక్యం మాత్రం చప్పున లేచి నిలబడింది.

"అచ్ఛా! మావాడి రక్తం మంచిదే కదా. మరి దీనికి ఈ రోగం ఎక్కణ్ణించొచ్చింది? వాడు ఆఫీసుకెళ్తే నువ్వు ఇంట్లో ఏం వెలగబెట్టావే?"

"అత్తయ్యా!"

"పిల్లాణ్ణి తీసుకుపోతున్నా. నువ్వు నా గడప తొక్కావంటే ఊరుకోను."

భానుమతి మొగుడి చెయ్యి పట్టుకుంది. "ఏమండీ, మీరైనా చెప్పండి. నా సంగతి మీకు తెలీదా?"

వీరరాఘవులుకు తెలుసు. చెయ్యి విడిపించుకుని, తల్లి వెనకే తలుపు దాటాడు.

ఆనాడు సూది చూడగానే భయపడి బయటికొచ్చేసి, ఆసుపత్రి గేటు దగ్గర రక్తం అమ్ముకునేవాణ్ణి తన పేరుతో లోపలికి పంపిన సంగతి చెప్పడానికి అతనికి ఇవాళ కూడా ధైర్యం చాలలేదు.