పదహారున సైన్స్ పరీక్ష

"మైటోకాండ్రియా ఏం చేస్తుంది?" అని అడిగాడు చక్రధర్.

లోహిత కిటికీలోంచి బయటికి చూసింది. "ఐ డోంట్ నో, డాడీ."

"తెలీదా? గంట కిందట ఇదే కుర్చీలో కూర్చుని చెప్పాను. గోడకి చెప్పుకున్నా ఈపాటికి సగం అప్పజెప్పేది."

"సారీ. ఇంకోసారి చెప్పరా?"

చక్రధర్ ఈ పరాయి దేశంలో, కాజిల్‌బార్ అనే ఊరి ఆస్పత్రిలో రిజిస్ట్రార్ హోదా డాక్టరు. ప్రతి జులైలో అతన్ని ఇంకో ఊరికి మారుస్తుంటారు. అందుకని భార్య సుధేష్ణ, కూతురు లోహిత నేస్ అనే ఊళ్లోనే స్థిరపడిపోయారు. అతను శనివారం రాత్రి వస్తాడు, ఆదివారం సాయంత్రం వెళ్లిపోతాడు. ఆ మధ్య కాలమంతా సోఫాలో పడి నిద్రపోతాడు, మెలకువ వస్తే ఫోన్ చూసుకుంటాడు. ఎవరైనా చదువు మాటెత్తితే తప్ప, ఇంట్లో మనుషులున్నారని అతనికి గుర్తుకు రాదు.

నెల కిందట లోహిత ఆ మాటే ఎత్తింది. మన పదో తరగతి లాంటి జూనియర్ సైకిల్ పరీక్షలొస్తున్నాయి, సైన్స్ చెప్పమంది. అంతే, డాక్టరుగారికి ఎక్కడ లేని హుషారూ వచ్చేసింది. అప్పటినుంచి ఆదివారాలు ఫోన్ బోర్లా పెట్టి, పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉతికి ఆరేస్తున్నాడు. పరీక్షెప్పుడని మొన్న ఫోన్లో అడిగితే పదహారున అంది. ఇవాళ ఎనిమిదో తేదీ.

"ఇదొక పుస్తకమా?" పేజీలు విసురుగా తిప్పాడు. "పెళ్లి ఆల్బమ్‌లాగా ఎక్కడ చూసినా ఫొటోలే. పైగా దేశమంతా ఒకే రోజు ఒకే పేపరట. తెలివైనవాడికీ మొద్దుకీ తేడా లేదట. మా గుంటూరులో ఏడో తరగతి పిల్లలు చూస్తే పడి పడి నవ్వుతారు."

"తర్వాతి చాప్టర్ సీజన్స్, డాడీ. సమ్మర్ ఎందుకు హాట్?"

"అది కూడా చెప్పాలా? భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి. కామన్ సెన్స్."

లోహిత గొంతు తగ్గించింది. "జులైలోనే ఎర్త్ ఎక్కువ దూరంలో ఉంటుంది కదా డాడీ. యాక్సిస్ వంగి ఉండటం వల్ల మనకి ఎండ నిటారుగా పడుతుంది, డే కూడా లాంగ్ అవుతుంది."

చక్రధర్ దగ్గాడు. "అదే చెప్పబోతున్నాను. మధ్యలో దూరకు."

ఇంత కష్టమైనది తడుముకోకుండా చెప్పిన పిల్లకి మైటోకాండ్రియా రాకపోవడం ఏమిటని అతనికి తోచలేదు. తను బాగా చెప్పడం వల్లే ఆ మాత్రమైనా వచ్చిందనుకున్నాడు. అలా అనుకోవడంలో ఆయనగారిని మించినవాళ్లు లేరు.

వంటింట్లోంచి సుధేష్ణ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "ఏవండీ, పొద్దుట్నించీ ఒకటే చదువు. ఇక లేవండి, భోంచేద్దురుగాని. దానికి అన్నీ వచ్చులెండి."

"వచ్చా? ఏడ్చినట్టుంది. ఆకు పచ్చగా ఎందుకుంటుందో అడుగు, నోరు వెళ్లబెడుతుంది."

సుధేష్ణ కూతురి వైపు చూసింది. లోహిత తల అడ్డంగా ఊపింది. "ఇంకో చాప్టర్, అమ్మా. ప్లీజ్."

"చూశావా, దానికే భయం పట్టుకుంది. నీకు లేదు," అన్నాడు చక్రధర్.

సుధేష్ణ లోపలికి వెళ్లిపోయింది.

భయం నిజానికి అతనిది. హేమచంద్ అని, అతని కింద పనిచేసే జూనియర్ డాక్టరు ఒకడున్నాడు. అతని ఇల్లూ నేస్‌లోనే. అతని కూతురు మధులిక కూడా ఈ ఏడే పరీక్షలు రాస్తోంది. ఆ పిల్లకి డిస్టింక్షన్ వచ్చి లోహితకి రాకపోతే, వార్డులో ఆ జూనియర్ ముందు తలెత్తుకుని ఎలా తిరగడం? నెల రోజులుగా చక్రధర్‌కి అదే దిగులు.

అయిదింటికి హేమచంద్ కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఇద్దరూ కలిసే కాజిల్‌బార్ వెళ్తారు. చక్రధర్ బ్యాగు భుజాన వేసుకున్నాడు.

"నెక్స్ట్ సండే ఎలక్ట్రిసిటీ చెప్తారా డాడీ?"

"చెప్పక చస్తానా? అదొక్కటీ చాలదు నీకు, మొదట్నించీ మళ్లీ చెప్పాలి. పొద్దున్నే తొమ్మిదికల్లా కూర్చో."

"గ్రాండ్," అని లోహిత నవ్వింది.

ఇన్ని తిట్లు తిని నవ్వుతోందంటే దీనికి సిగ్గనేది లేదనుకున్నాడు చక్రధర్.

కారు మోటార్‌వే ఎక్కేదాకా కూడా ఆగలేకపోయాడు. "ఇవాళ రోజంతా మా అమ్మాయికే సరిపోయిందయ్యా. కన్ను మూయలేదు. ఒక్క ముక్క బుర్రకెక్కదు, మళ్లీ మళ్లీ అదే అడుగుతుంది. మీ మధులిక సైన్స్ ఎన్నిసార్లు తిరగేసింది?"

"ఇంకా సైన్స్ ఎక్కడ సర్? ఆ పుస్తకాలన్నీ నిన్ననే పక్కింటివాళ్లకి ఇచ్చేసింది. ఇవాళ ఫ్రెండ్స్‌తో సినిమాకి వెళ్లింది."

చక్రధర్‌కి లోలోపల పండగైంది. డిస్టింక్షన్ పీడ విరగడైంది. "అంతేలే, ఈ దేశంలో పెరిగితే ఇంతే. నువ్వు తండ్రివి కదా, నాలుగు చీవాట్లు పెట్టొద్దూ? పరీక్ష ముందర పెట్టుకుని పుస్తకాలు దానం చేసేవాళ్లని నేనెక్కడా చూడలేదు."

హేమచంద్ అయోమయంగా అతని వైపు చూశాడు.

"సైన్స్ మొన్న గురువారమే అయిపోయింది కదా సర్."