నెమలి మాయమైంది

"మళ్లీ పోయింది బేటీ!"

నరసయ్య కేకకు, చెప్పులు వేసుకుంటున్న శ్వేత వాటిని ఆయన ఇంటి గుమ్మంలోనే విడిచి వెనక్కి పరుగెత్తింది. కంప్యూటర్ తెర మీద నరసయ్య గీసిన నెమలి లేదు. నల్లగా ఉన్న చోట ‘నో సిగ్నల్’ అన్న అక్షరాలు మాత్రం తిరుగుతున్నాయి.

అశోక్ చౌక్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం శ్వేతది. ఆమె చెయ్యి పడితే లేవని మిషన్ లేదని భవాని పేట్ అంతా పేరు. పొద్దుటినుంచీ ఈ పాత డబ్బా ముందు ఆ పేరు నీరుగారిపోతోంది. ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచింది. కేబుల్ మార్చింది. తన మానిటరే తెచ్చి పెట్టింది. తను కూర్చుంటే నెమలి పురివిప్పి నిలబడుతుంది. చేతిమగ్గం మానేసి కంప్యూటర్‌లో డిజైన్లు నేర్చుకున్న నరసయ్య కూర్చుంటే మాయం!

"నీ మొఖం జూసి జడుసుకుంటున్నదేమో," అంది ఆయన భార్య సుందరాబాయి బీడీలు చుడుతూ.

"నువ్వు చుప్ కూసో! కార్ఖానా సేట్ వచ్చే టైమైంది. ఈ నెమలి సూపియ్యకుంటే సద్దర్ దుప్పట్లకు ఇంకోని డిజైన్ తీస్కుంటడు."

అంటుండగానే సేట్ వచ్చేశాడు. శ్వేత గభాలున కుర్చీలో కూర్చుని, బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి, సీపీయూ వెనక కేబుల్‌ను గట్టిగా నొక్కింది. నెమలి ప్రత్యక్షమైంది.

"వా! మస్త్!" అన్నాడు సేట్. "మెడకు జర నీలం జాస్తి చెయ్యి నర్సయ్యా. ఇక్కడ్నే, నా ముంగట."

శ్వేత కుర్చీ వదలక తప్పలేదు. నరసయ్య కూర్చున్నాడు. మెడ సగం నీలమయ్యేసరికి తెర నల్లబడింది. సేట్ మొహం చిట్లించి వెళ్లబోయాడు.

"ఒక్క నిమిషం సేట్!" శ్వేత నేల మీద చతికిలబడి కేబుల్ మళ్లీ నొక్కింది. "తాతా, నువ్వు గీస్తనే ఉండు. ఆగకు."

బల్ల కిందికి తల పెట్టి చూసింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది. సీపీయూ డబ్బాను బయటికి లాగి, పక్కన స్టూలు మీదికి ఎక్కించింది. ఆ తర్వాత తెర ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు. మెడ నీలమైంది.

"పక్కా! రేపే మిషన్ మీదికి ఎక్కిద్దాం," అంటూ సేట్ సంతోషంగా వెళ్లిపోయాడు.

నరసయ్య ఆ సంబరంలో తోకకు ఇంకో రంగు వేయసాగాడు, తల తిప్పకుండానే.

"ఏందే, కేబుల్ కొరికే ఎలుకనా?" సుందరాబాయి గుసగుసగా అడిగింది.

"ఒకటి కాదవ్వా, రెండున్నయ్. వంగి సూడు."

సుందరాబాయి బీడీల చేట పక్కకు పెట్టి వంగింది. బల్ల కింద, ఇందాక సీపీయూ ఉన్న చోట, నరసయ్య పాదాలు రెండూ ఒకదాని తర్వాత ఒకటిగా, లేని మగ్గాన్ని లయ తప్పకుండా తొక్కుతున్నాయి.